రెండో సాక్షి

శివరాత్రి వచ్చిందంటే గోదావరి జిల్లాల దారులన్నీ పట్టిసీమకే. కొవ్వూరు మీదుగా పోలవరం వెళ్ళే రోడ్డు మీద బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, వాటి మధ్యన పిల్లల్ని భుజాలకెత్తుకుని నడిచేవాళ్ళు. రేవులో దిగి చూస్తే యెదురుగా గోదావరి నడుమ కొండ, కొండ మీద వీరేశ్వరస్వామి. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేశాక వీరభద్రుడు తన 'పట్టిసం' అనే ఆయుధాన్ని యిక్కడే గోదాట్లో కడిగాడనీ, అందుకే యీ చోటికి ఆ పేరొచ్చిందనీ స్థలపురాణం చెబుతుంది.

మనం సినిమా జనం. మనకి పట్టిసీమ యింకో రకంగా కూడా తెలుసు. ఆ కొండా, ఆ ఇసుకా, ఆ నీళ్ళూ యెన్ని పాటలకి వెనక తెరగా నిలబడ్డాయో! 1973లో బాపు రమణల 'అందాల రాముడు' కథంతా నడిచింది రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్ళే యీ నీటిదారి మీదనే కదా.

శివరాత్రికీ సినిమాకీ చుట్టరికం కూడా పాతదే. జాగారం చెయ్యాలి. నిద్రొస్తుంది. ఏం చెయ్యాలి? పుణ్యాత్ములు గుళ్ళో భజన చేసేవారు. మనబోటివాళ్ళు సెకండ్ షో చూసి, ఆ తర్వాత హాలువాడు ప్రత్యేకంగా వేసే ఆట చూసి, తెల్లారగట్ల యెర్రటి కళ్ళతో యింటికి చేరి 'జాగారం అయిందమ్మా' అనేవాళ్ళం. అది అబద్ధం కాదు సుమండీ! మేలుకున్నది నిజమే గదా!

సరే, ఆ రాత్రి యెందుకు మేలుకోవాలి అంటే చాలామంది కుర్రకారు బుర్ర గోక్కుంటారు. అర్ధరాత్రి లింగోద్భవ కాలం అంటారు పెద్దలు. ఆ లింగోద్భవం కథ వింటే మీరు ఆశ్చర్యపోతారు. అది అచ్చంగా ఒక కోర్టు కథ. అందులో వాదులున్నారు, న్యాయమూర్తి ఉన్నాడు, దొంగసాక్షులున్నారు, శిక్ష కూడా ఉంది.

బ్రహ్మకీ విష్ణువుకీ యెవరు గొప్ప అని పేచీ వచ్చింది. మధ్యన ఒక అగ్నిస్తంభం లేచింది. దాని మొదలు చూసొస్తానని విష్ణువు వరాహమై కిందికి వెళ్ళాడు. కొస చూసొస్తానని బ్రహ్మ హంసై పైకి యెగిరాడు. ఇద్దరికీ దొరకలేదు. విష్ణువు తిరిగొచ్చి 'నాకు కనపడలేదు' అని ఒప్పేసుకున్నాడు. ఆయనకేం తక్కువైంది? ఏమీ కాలేదు. బ్రహ్మకి మాత్రం మనసొప్పలేదు. దారిలో జారిపడుతున్న మొగలిపువ్వు కనిపించింది. ఆవు కనిపించింది. 'నేను కొస చూశానని మీరిద్దరూ సాక్ష్యం చెప్పాలి' అన్నాడు. మొగలిపువ్వు చెప్పేసింది. ఆవు నోటితో అవునంది గానీ పాపం తోకతో కాదని ఊపేసింది! శివుడికి కోపం వచ్చింది. బ్రహ్మకి గుళ్ళు లేకుండా పోయాయి. మొగలిపువ్వు శివపూజకి పనికిరాకుండా పోయింది. ఆవుకి మొహం వదిలేసి వెనక వైపు పూజ చెయ్యడం అప్పట్నించే అంటారు.

ఈ కథలో నాకు యెప్పుడూ వింతగా తోచే సంగతి ఒకటుంది. అబద్ధం ఆడాలనుకున్నవాడు సాక్షాత్తూ సృష్టికర్త. అంతటివాడికి కూడా ఒంటరిగా అబద్ధమాడే ధైర్యం చాలలేదు! తోడు కావలసి వచ్చింది. ఒక పువ్వు, ఒక ఆవు కావలసి వచ్చాయి.

అబద్ధం యెప్పుడూ అంతే. ఒక్కడు ఆడితే అది వట్టి మాట. రెండోవాడు 'అవునండీ, నేనూ చూశాను' అంటేనే దానికి కాళ్ళొస్తాయి.

* * *

పట్టిసీమ వెళ్ళే బస్సులో ఒక శివరాత్రికి జరిగింది చెబుతాను. నిలబడ్డానికి చోటు లేదు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఒక తల్లిని అడిగాడు.

"ఏమ్మా, బాబుకి యెన్నేళ్ళు?"

"పదకొండండీ. అర టిక్కెట్టే" అంది ఆవిడ. బాబుకి పెదవి మీద నూనూగు మీసం!

కండక్టరు బాబు మొహం కేసి చూశాడు. ఆవిడ తడుముకుంది. వెంటనే పక్క సీటులో పెద్దావిడ అందుకుంది. "పదకొండేనండి బాబూ! మా యెదురింటివాళ్ళే. పిల్లాడు వొట్టి పొడగరి గానీ..."

ఇదిగో, మొగలిపువ్వు వచ్చేసింది చూశారా!

అంతలో తల్లి చంక దగ్గర నిలబడ్డ చిన్నపిల్ల, అయిదారేళ్ళుంటాయి, గట్టిగా అంది. "కాదు! అన్నయ్య తొమ్మిదో క్లాసు!"

బస్సంతా గొల్లుమంది. కండక్టరు కూడా నవ్వుతూ, "ఓరినీ! పదకొండేళ్ళకే తొమ్మిదో క్లాసా! మీవోడు కలెక్టరైపోతాడమ్మా!" అని ఫుల్ టిక్కెట్టు చింపి ఇచ్చాడు. అందరూ నవ్వుకున్నారు. ఎవరికీ కోపం లేదు. కానీ తల్లి మెల్లిగా చెయ్యి వెనక్కి పెట్టి ఆ చిన్నపిల్ల తొడ మీద ఒక్క గిల్లు గిల్లింది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పట్టిసీమ వచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ తల్లిది పెద్ద నేరమని నేననను. పండగపూట యింటిల్లిపాదికీ టిక్కెట్లు కొనేవాళ్ళకి ఆ నాలుగు డబ్బుల విలువ తెలుస్తుంది. కానీ ఆ గిల్లుడు ఉంది చూశారూ, అది నన్ను చాలారోజులు వదల్లేదు. నిజం చెప్పిన పిల్లకి శిక్ష పడింది. అబద్ధం చెప్పిన పెద్దావిడకి 'పోన్లే పాపం, సాయం చేసింది' అనే కృతజ్ఞత దక్కింది. ఆ పిల్ల పక్కన బస్సులో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'అలా గిల్లకమ్మా, పిల్ల నిజమే చెప్పింది' అనలేదు. అందరం నిజాన్ని చూసి నవ్వాం. నిజం చెప్పినదాన్ని మాత్రం ఒంటరిగా వదిలేశాం.

ఇదిగో, యీ వారం నేను చెప్పదలుచుకున్నది యిదే. అబద్ధానికి రెండో సాక్షి క్షణంలో దొరుకుతాడు. నిజానికి మాత్రం దొరకడు.

* * *

ఈ సంగతి మీద మన తెలుగులో ఒక గొప్ప సినిమా వుంది. అది పుట్టింది కూడా గోదావరి జిల్లాలోనే. 1967లో వచ్చిన 'సాక్షి'. బాపుగారికి డైరెక్టరుగా మొదటి సినిమా. రచన ముళ్ళపూడి వెంకటరమణగారు. ఒకరు నరసాపురంలో పుట్టారు, యింకొకరు ధవళేశ్వరంలో పుట్టారు. ఇద్దరూ గోదావరి నీళ్ళు తాగినవాళ్ళే గనుక సెట్టింగుల జోలికి పోకుండా సరాసరి తూర్పు గోదావరిలోని పులిదిండికి కెమెరా పట్టుకెళ్ళి అక్కడే తీశారు. కృష్ణ, విజయనిర్మల కలిసి నటించిన తొలి సినిమా అదే. మీలో చాలామంది పుట్టకముందు వచ్చిన బ్లాక్ అండ్ వైట్ బొమ్మ. దొరికితే తప్పకుండా చూడండి.

కథేమిటంటే, కిష్టయ్య అనే కుర్రాడు బల్లకట్టు నడుపుతాడు. సూపర్ స్టార్ కృష్ణ అంటే మీకు మోసగాళ్ళకు మోసగాడు, అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. ఇక్కడ మాత్రం ఆయన వొట్టి పిరికివాడు. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడే రకం. అలాంటివాడు ఒక హత్య చూస్తాడు. చంపినవాడు ఊరిని హడలెత్తించే పకీరు. ఆ వేషం జగ్గయ్యగారిది. కంచు కంఠంతో పెద్దమనిషి వేషాలు వేసే జగ్గయ్యగారు అందులో పకీరుగా కనిపిస్తే వొళ్ళు జలదరిస్తుంది. కిష్టయ్య కోర్టుకెళ్ళి చూసింది చూసినట్టు చెప్పేస్తాడు. పకీరుకి శిక్ష పడుతుంది. ఊరు ఊరంతా కిష్టయ్యని మెచ్చుకుంటుంది.

కథ అక్కడితో అయిపోతే అది నీతికథ. పాఠ్యపుస్తకంలో వేసుకోవచ్చు. కానీ సినిమా అసలు మొదలయ్యేది అక్కడే. పకీరు జైలు తప్పించుకుని వస్తున్నాడని కబురొస్తుంది. కిష్టయ్యని చంపడానికే వస్తున్నాడు. నిన్న మెచ్చుకున్నవాళ్ళందరి దగ్గరికీ కిష్టయ్య వెళతాడు. 'నాకు తోడు నిలబడండి' అని ప్రాధేయపడతాడు. ఒక్కో తలుపూ మూసుకుపోతుంది. ఒకడికి పనుంది. ఒకడికి పెళ్ళాం పిల్లలున్నారు. ఒకడికి అసలు కిష్టయ్య యెవరో గుర్తులేదు! చివరికి అతని పక్కన నిలబడేది యెవరనుకున్నారు? చుక్కి. సాక్షాత్తూ పకీరు చెల్లెలు! ముగింపు నేను చెప్పను. మీరే చూడాలి.

ఈ సినిమా చూసినప్పుడల్లా నాకు పకీరు మీద కన్నా ఊరి మీదే యెక్కువ కోపం వస్తుంది. పకీరు దుర్మార్గుడు, సరే, వాడి పని వాడు చేస్తున్నాడు. ఊరివాళ్ళు దుర్మార్గులు కారు. మంచివాళ్ళు. పూజలు చేస్తారు, దానాలిస్తారు, శివరాత్రికి పట్టిసీమ వెళతారు. వాళ్ళకి నిజం అంటే యిష్టమే. కాకపోతే వేరేవాడు చెబితే యిష్టం.

ఇంగ్లీషు పిక్చర్లు చూసేవాళ్ళకి యీపాటికి 'హై నూన్' గుర్తొచ్చి వుంటుంది. 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీశాడు. గ్యారీ కూపర్‌కి ఆ వేషానికే ఆస్కారు వచ్చింది. అక్కడా అంతే. మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి పగబట్టినవాడు దిగుతున్నాడు. ఊరిని కాపాడిన పోలీసు అధికారి తోడు కోసం యింటింటికీ తిరుగుతాడు. ఎవ్వరూ రారు. కత్తులూ తుపాకులూ ముట్టనని వ్రతం పట్టిన కొత్త పెళ్ళికూతురు గ్రేస్ కెల్లీ మాత్రమే వెనక్కి వస్తుంది.

ఆ సినిమా వెనక యింకో సినిమా వుంది. దాని రచయిత కార్ల్ ఫోర్‌మన్. సినిమా తయారవుతుండగానే, 1951లో, అమెరికా పార్లమెంటు కమిటీ ఒకటి ఆయన్ని పిలిచింది. కమ్యూనిస్టులని అనుమానం వున్న సినిమావాళ్ళని విచారించే కమిటీ అది. 'నీతో పాటు పార్టీలో యెవరెవరున్నారో పేర్లు చెప్పు' అన్నారు. స్నేహితుల పేర్లు చెబితే బతుకుతాడు. చెప్పనన్నాడు. స్నేహితులని పట్టివ్వకపోవడం కూడా నిజాయితీయే కదండీ! అంతే, హాలీవుడ్‌లో ఆయనకి తలుపులు మూసుకుపోయాయి. నిన్న భుజం మీద చెయ్యి వేసినవాళ్ళు యివాళ వీధి మారిపోయారు. ఊరంతా వదిలేసిన మనిషి కథ రాస్తూ రాస్తూ తనే ఆ మనిషైపోయాడు! ఇంగ్లండు వెళ్ళిపోయి అక్కడ 'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' రచనలో పాలు పంచుకుంటే, ఆయన పేరు తెర మీద వెయ్యలేదు. 1957 నాటి ఆ సినిమా స్క్రీన్‌ప్లే ఆస్కారు మూలనవల రాసిన ఫ్రెంచి రచయితకి యిచ్చారు. ఆ ఆస్కారు లెక్కలో ఫోర్‌మన్ పేరు చేరేసరికి ఆయన లేడు. 1984లో పోయాడు.

చూశారా, నిజం నిలకడ మీద తెలుస్తుందని మన సామెత. తెలుస్తుంది, కాదనను. కానీ ఆ నిలకడ ఒక్కోసారి మనిషి ఆయుర్దాయం కన్నా పొడుగ్గా వుంటుంది. అందుకే పక్కన యింకొకరు వుండాలనేది.

* * *

ఇక సత్యం అనగానే మనకి హరిశ్చంద్రుడు. భారతదేశంలో మొదటి కథాచిత్రం ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర', 1913. అంటే మన సినిమా పుట్టిందే సత్యం చెప్పినవాడి కథతో! (ఆ తర్వాత యెంత దూరం వచ్చామో నన్నడగకండి.) తెలుగులో 1935లో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు. కన్నాంబగారు చంద్రమతిగా సినిమాల్లోకి వచ్చింది దాంతోనే. 1956లో యస్వీ రంగారావు వేశారు. 1965లో కె.వి. రెడ్డిగారి డైరెక్షన్లో యన్టీ రామారావు వేశారు.

సినిమాలు యెన్నొచ్చినా మన పల్లెటూళ్ళకి హరిశ్చంద్రుడంటే బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకమే. కాటి సీను వచ్చేవరకూ జనం కదలరు. జాషువాగారి 'శ్మశానవాటి' పద్యాలు అందుకుంటే వన్స్ మోర్! డి.వి. సుబ్బారావుగారి కాటి సీను కోసం జనం తెల్లవార్లూ చాపల మీద కూచునేవారు. చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి మనసు కదిలిపోయిందని, అందరూ అలా యెందుకు వుండకూడదని తనని తనే అడుగుకునేవాడినని గాంధీగారు ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన చూసింది గుజరాతీ నాటకం. ఏడిపించే కథ ఏ భాషలోనైనా ఒకటే.

ఇంత గొప్పగా చెప్పుకుంటున్నా, ఆ కథలో మనం ఒకరిని సరిగ్గా చూడలేదనిపిస్తుంది నాకు. ఆవిడ చంద్రమతి. మాట యిచ్చింది ఆయన. అప్పుపడింది ఆయన. కానీ ముందు అమ్ముడుపోయింది ఆవిడ. 'ఎందుకండీ యీ సత్యం, ఒక్కసారి యివ్వనని చెప్పెయ్యండి' అని ఒక్కమాట ఆవిడ అనివుంటే హరిశ్చంద్రుడు నిలబడేవాడా? ఏమో! ఆవిడ అనలేదు. పక్కన నిలబడింది. కాటిలో కన్నకొడుకు శవం ముందు కూడా నిలబడింది. అక్కడ చంద్రమతి, పులిదిండిలో చుక్కి, అమెరికా బొమ్మలో గ్రేస్ కెల్లీ! హీరోకి దండలు వేసి రెండో సాక్షిని మర్చిపోవడం మనకి అలవాటైపోయింది.

* * *

'అదంతా బాగానే వుందండీ, పకీరు కత్తి పట్టుకుని వస్తే మీరొస్తారా?' అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సాక్షి భయం వొట్టి సినిమా భయం కాదు. 1999లో ఢిల్లీలో జరిగిన జెస్సికా లాల్ హత్య కేసు సంగతి వినేవుంటారు. దాని మీద 2011లో 'నో వన్ కిల్డ్ జెస్సికా' అని హిందీ సినిమా కూడా వచ్చింది. జనం నిండిన చోట హత్య జరిగితే, కోర్టుకొచ్చేసరికి సాక్షులు ఒక్కొక్కరే అడ్డం తిరిగారు. 2006 ఫిబ్రవరిలో ముద్దాయిలందరినీ వదిలేశారు. దేశం ఉలిక్కిపడింది. కాలేజీ కుర్రాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని రోడ్ల మీదికొచ్చారు. అదే యేడాది డిసెంబరులో హైకోర్టు ముఖ్యముద్దాయికి శిక్ష వేసింది.

సాక్షిని ఒంటరిగా వదిలెయ్యకూడదని చివరికి చట్టం కూడా ఒప్పుకుంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతా పాటించాలంది. ప్రమాదం వుందని సాక్షి దరఖాస్తు పెట్టుకుంటే, పోలీసులు పరిశీలించి నివేదిక యివ్వాలి. అవసరాన్ని బట్టి కాపలా పెట్టొచ్చు, పేరు బయటికి రాకుండా చూడొచ్చు, వేరేచోటికి పంపొచ్చు. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర విచారణ చట్టంలో ప్రతి రాష్ట్రమూ యిలాంటి పథకం తయారుచేసుకోవాలని రాశారు కూడా. కిష్టయ్య యిల్లిల్లూ తిరిగి అడిగిన తోడు యివాళ కాగితం మీదైనా హక్కయింది. ఈ సంగతి తెలుసుకుని వుండడం మంచిది. ఎవరికెప్పుడు అవసరమో యెవరికి తెలుసు!

అయినా అందరికీ జీవితంలో పకీర్లు తగలరు. మనకి తగిలేవి చిన్న చిన్న సంగతులు. అక్కడ కత్తి వుండదు. నామోషీ వుంటుంది, అంతే. ఆ పాటి దానికే మనం నోరు మూసుకుంటాం.

1975 నాటి 'ముత్యాలముగ్గు' చూడండి. కాంట్రాక్టరు రావు గోపాలరావు మాటలు మీ అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ కథంతా దేని మీద నిలబడింది? ఒక ఆడపిల్ల మీద అల్లిన ఒక అబద్ధం మీద. ఆమె గదిలోంచి పరాయివాడు బయటికొచ్చినట్టు నాటకమాడారు. భర్త నమ్మేశాడు. నిండు చూలాలు యిల్లు వదలవలసి వచ్చింది. అది ఉత్తర రామాయణమే. ఆ క్షణంలో ఆ యింట్లో పలుకుబడి వున్న ఒక్క మనిషి 'ఆగండి, ఆ పిల్ల అలాంటిది కాదు, ముందు విచారించండి' అని అడ్డం నిలబడివుంటే సినిమా రెండో రీలులో అయిపోయేది! అక్కడ యెవరి ప్రాణానికీ ప్రమాదం లేదు. అయినా జరగలేదు.

ఇలాంటివి మీ కాలేజీలో జరగడం లేదూ? ఒక అమ్మాయి గురించి ఒకడు ఏదో కూస్తాడు. రెండోవాడు 'అవున్రా, నేనూ విన్నాను' అంటాడు. వాడు విననేలేదు! చూశారా, మొగలిపువ్వు. సాయంత్రానికి అది కాలేజీ అంతా పాకుతుంది. ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి గనుక సాయంత్రం దాకా కూడా అక్కర్లేదు. ఒక్క వేలు కదిపి పక్కవాడికి పంపించేసే ప్రతివాడూ ఆ అబద్ధానికి సంతకం చేసిన సాక్షే. 'నేను అనలేదు, వచ్చింది పంపానంతే' అంటే చెల్లదు. మొగలిపువ్వు కూడా అదే అని వుంటుంది!

ఆఖరికి సినిమా హాలు దగ్గర కూడా యిదే తంతు. మార్నింగ్ షో చూసి తలనొప్పితో బయటికొస్తాడు. మాటినీకి క్యూలో నిలబడ్డవాళ్ళు 'ఎలా వుంది గురూ?' అంటారు. 'అదిరిపోయింది' అంటాడు. తన డబ్బులు పోయాయి గనుక వీళ్ళవీ పోవాలని! అభిమాన హీరో అయితే యిక చెప్పనే అక్కర్లేదు. అది సరదా అనుకుంటే సరదాయే. కానీ కూలిడబ్బులతో టిక్కెట్టు కొనేవాడు కూడా ఆ క్యూలో వుంటాడు, అది మర్చిపోకండి.

మళ్ళీ గోదావరి దగ్గరికి వస్తాను. ఈ నది మీద అందరూ ఆడే ఒక అబద్ధం వుంది. 'ఏం ఫర్వాలేదండీ, యెక్కండి' అన్నది. పడవ నిండిపోయినా అంటారు, నీళ్ళు వురవళ్ళు తొక్కుతున్నా అంటారు. 2019 సెప్టెంబరు 15న పట్టిసీమకి యెగువన కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడ్డానికి వెళ్ళిన బోటు వరదలో మునిగింది. డెబ్భై మందికి పైగా యెక్కిన ఆ బోటులో దాదాపు యాభై మంది పోయారు. ఒడ్డునున్న ఆ ఊరివాళ్ళు తమ పడవలు తీసుకుని పరుగెత్తుకొచ్చి దొరికినవాళ్ళని కాపాడారు. ఆ ప్రమాదానికి కారణాలు తేల్చడం నా పని కాదు. నేననేది రేవులో నిలబడే మన సంగతి. పడవ నిండిపోయిందని అందరి కళ్ళకీ కనపడుతూనే వుంటుంది. ఒకరు నోరు విప్పి 'బాబూ, యిక చాలు, యెక్కించకు' అంటే మిగతావాళ్ళు ఆ మనిషిని పిరికివాడిని చూసినట్టు చూస్తారు. పడవవాడు విసుక్కుంటాడు. ఆ మనిషి సిగ్గుపడి వూరుకుంటాడు. కానీ రెండో మనిషి 'ఆయన చెప్పింది నిజమే, నేనూ యెక్కను' అన్నాడనుకోండి, పడవ ఆగుతుంది. ముందు అన్నవాడి మాట వట్టి మాట కాకుండా నిలబడుతుంది. ఒక్కోసారి యాభై ప్రాణాలు ఆ రెండో మాట మీద ఆధారపడి వుంటాయి.

అబద్ధం అసలు ఆడనే కూడదా అని వాదం పెట్టేవాళ్ళుంటారు. ప్రాణం మీదికొస్తే ఆడొచ్చని బలిచక్రవర్తికి శుక్రాచార్యులే చెప్పాడు గదా అంటారు. చెప్పాడు. బలి వినలేదు, అది వేరే కథ. అమ్మమ్మ చేసిన పిండివంట మాడిపోయినా 'బాగుంది' అంటే నేను మిమ్మల్ని కోర్టుకీడ్వను. అది ప్రేమ. నా లెక్క చాలా చిన్నది. మీ మాట వల్ల అక్కడ లేని యింకో మనిషికి నష్టం జరుగుతుందా? జరిగితే అది పిండివంట అబద్ధం కాదు, మొగలిపువ్వు అబద్ధం.

మిమ్మల్ని హరిశ్చంద్రులు కమ్మని నేననను. రాజ్యాలు మన దగ్గర లేవు, వదులుకోవడానికి. కిష్టయ్యలు కమ్మని కూడా అనను. అది సమయం వచ్చినప్పుడు యెవరి గుండె వాళ్ళకి చెబుతుంది. నేనడిగేది అంతకంటే చిన్న పని. ఎవరో ఒకరు, ఒక చిన్నపిల్లో, ఒక పిరికివాడో, గొంతు వణుకుతూ వున్నది వున్నట్టు చెప్పినప్పుడు, ఆ మాట తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం వుంటుంది. అందరూ నేల చూపులు చూసే క్షణం. ఆ క్షణంలో 'అవును, నేనూ చూశాను' అనండి. మూడే మాటలు. పద్యం రాగంతో పాడక్కర్లేదు, కాటి సీను అక్కర్లేదు, వన్స్ మోర్ అంతకన్నా అక్కర్లేదు.

ఈసారి శివరాత్రికి పట్టిసీమ వెళితే కొండ మీద ఒకసారి పూలబుట్టలోకి చూడండి. మారేడు వుంటుంది, తుమ్మి వుంటుంది, జిల్లేడు కూడా వుంటుంది. అంతటి వాసనగల మొగలిపువ్వు మాత్రం వుండదు. యెందుకు లేదో యిప్పుడు మీకు తెలుసు.

ఏమంటారు? వచ్చేవారం కలుద్దాం.